ఆ "శూన్యం" వెనకున్న పల్చటి జెర్మేనియం బిళ్ల

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సైన్స్ పేజీలో భూగర్భ ప్రయోగశాలల మీద వచ్చిన వ్యాసాన్ని మా నాన్న ఫొటో తీసి నాకు పంపారు. కింద ఒక్క లైను రాశారు: "అమ్మా, నువ్వు అన్నేళ్లు చేసింది ఈ పనేనా? ఏమీ దొరకలేదని రాశారు." శీర్షిక చూశాను. "ఏళ్ల తరబడి వెతికినా శూన్యమే." లోపల మూడు చోట్ల "విఫలం" అన్న మాట ఉంది. నాన్నకు ఫోన్లో చెప్పడం మొదలుపెట్టాను, అరగంటైనా సగం కూడా చెప్పలేకపోయాను. ఆయన చదివేది మీ పత్రికే కాబట్టి మిగతాది మీకే రాస్తున్నాను.

నేను ఆరేళ్లు ఇలాంటి ప్రయోగాలకు కావలసిన లైట్ డిటెక్టర్లను తయారుచేసి పరీక్షించే ల్యాబులో పనిచేశాను. ఇప్పుడు ఆ పనిలో లేను, ఎవరి తరఫునా మాట్లాడటం లేదు. కానీ "ఏమీ కనబడలేదు" అని ధైర్యంగా చెప్పాలంటే ఎంత పని ఉంటుందో చేతులతో చేసి చూసినదాన్ని. మీ వ్యాసంలో ఆ పని గురించి ఒక్క వాక్యం కూడా లేదు.

వ్యాసంలోని అంకెలు తప్పని నేను అనడం లేదు. ఇటలీలో గ్రాన్ సాస్సో పర్వతం లోపల, 1400 మీటర్ల రాతి కింద ప్రయోగశాల ఉన్న మాట నిజం. అక్కడి క్వోరె అనే ప్రయోగంలో 988 టెల్లూరియం ఆక్సైడ్ స్ఫటికాలు ఉన్న మాట, 2017 నుంచి డేటా తీస్తున్నా ఎదురుచూస్తున్న సంకేతం రాని మాట కూడా నిజమే. కానీ 2022లో వాళ్లు ప్రచురించిన ఫలితం "ఏమీ లేదు" అని కాదు. టెల్లూరియం-130 కేంద్రకం న్యూట్రినోలు (దేనికీ దాదాపు తగలకుండా దూసుకుపోయే అతి తేలికైన కణాలు) లేకుండా క్షయం కావడం అంటూ ఉంటే, దాని అర్ధజీవితకాలం, అంటే ఉన్న పరమాణువుల్లో సగం క్షయం కావడానికి పట్టే కాలం, 2 పక్కన 25 సున్నాలు పెట్టినన్ని సంవత్సరాల కంటే ఎక్కువే ఉంటుందని. అది కొలిచి చెప్పిన సంఖ్య. దాన్ని శూన్యం అని రాయడం నాకు బాధ కలిగించింది.

అసలు వెతుకుతున్నదేమిటో ముందు చెప్తాను. కొన్ని కేంద్రకాలు ఒకేసారి రెండు ఎలక్ట్రాన్లను, వాటితోపాటు రెండు యాంటీ న్యూట్రినోలను వదిలి వేరే మూలకంగా మారిపోతాయి. ఇలా జరగవచ్చని మరియా గోపర్ట్ మేయర్ 1935లో లెక్క కట్టారు. ల్యాబులో నేరుగా కనబడింది 1987లో. ఈ మధ్యలో, 1937లో, ఎటోరె మజొరానా ఒక విచిత్రమైన సంగతి చెప్పారు: న్యూట్రినోకు ప్రతికణం వేరే లేకపోవచ్చు, అదే దాని ప్రతికణం కావచ్చు అని. అది నిజమైతే ఎప్పుడో ఒకసారి ఆ రెండు యాంటీ న్యూట్రినోలు బయటికి రాకుండానే క్షయం జరగాలి. అప్పుడు మొత్తం శక్తి రెండు ఎలక్ట్రాన్లకే దక్కుతుంది. ఈ విశ్వంలో పదార్థం మిగిలి, ప్రతిపదార్థం ఎందుకు మిగల్లేదు అన్న ప్రశ్నకు దారి ఇటువైపు ఉండవచ్చని చాలామంది భౌతిక శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. వెతుకుతున్నది అంత పెద్ద విషయం.

ఇంత అరుదైనదాన్ని పట్టుకోవడానికి ఎంచుకున్న దారి వేడిని కొలవడం. 1984లో ఎట్టోరే ఫియోరిని, నీనికోస్కి కలిసి ఈ ఆలోచనను ముందుపెట్టారు. క్షయం కావలసిన పరమాణువులు ఉన్న స్ఫటికాన్నే డిటెక్టరుగా వాడాలి. దాన్ని పది మిల్లీకెల్విన్ల దాకా చల్లబరచాలి. అంటే పరమ శూన్య ఉష్ణోగ్రతకు ఒక డిగ్రీలో వందో వంతు పైన. నక్షత్రాల మధ్య ఖాళీలో కూడా 2.7 డిగ్రీలు ఉంటుంది, దానికంటే ఇది వందల రెట్లు చల్లన. అంత చలిలో స్ఫటికానికి వేడిని ఇముడ్చుకునే శక్తి దాదాపు పోతుంది. ఉష్ణోగ్రత పదో వంతుకు పడితే ఆ శక్తి వెయ్యో వంతుకు పడిపోతుంది. అందుకే లోపల ఒక్క కేంద్రకం క్షయమైనా స్ఫటికం మొత్తం వేడెక్కినట్టు తెలుస్తుంది. క్వోరెలోని ఒక్కో స్ఫటికం ముప్పావు కిలో. అందులో పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే అతి చిన్న ప్రమాణం) శక్తి పడితే ఉష్ణోగ్రత డిగ్రీలో పదివేలో వంతు పెరుగుతుంది. దాన్ని కొలవగలరు.

ఇక్కడిదాకా చాలా వ్యాసాల్లో వస్తుంది, మీ వ్యాసంలోనూ వచ్చింది. ఆగిపోయింది కూడా ఇక్కడే. చిక్కు మొదలయ్యేది ఇక్కడే.

వేడి ఎంత వచ్చిందో చెప్తుంది గానీ ఎవరి వల్ల వచ్చిందో చెప్పదు. గ్రాన్ సాస్సోలోనే క్రెస్ట్ అనే ప్రయోగం కృష్ణ పదార్థం కోసం, అంటే విశ్వంలో ఉందని లెక్కలు చెప్తున్నా ఇంతవరకు నేరుగా చూడలేని పదార్థం కోసం, వెతుకుతోంది. దాని తొలి రోజుల్లో నీలమణి స్ఫటికాలు వాడేవారు. అనుకున్నదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ సంకేతాలు వచ్చాయి. ఏ కణాల వల్ల వస్తున్నాయా అని వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, స్ఫటికాన్ని కదలకుండా పట్టి ఉంచిన చిన్న చిన్న గోళీలు మరీ గట్టిగా నొక్కుతున్నాయి, స్ఫటికంలో కంటికి కనబడనంత పగుళ్లు పుడుతున్నాయి. ఒక్కో పగులు ఒక్కో "కణం" లాగా నమోదైంది. ఆ పగుళ్ల శక్తుల లెక్క తీస్తే భూకంపాల లెక్కలను పోలి ఉందని 2006లో పేపరు కూడా వేశారు. నాకు ఈ కథంటే ఎంతో ఇష్టం. అంత సున్నితమైన చెవికి ప్రతిదీ వినబడుతుంది, ఎవరి గొంతో మాత్రం తెలియదు.

క్వోరె విషయంలో అలా కలిసిపోయే గొంతు ఆల్ఫా కణాలది, అంటే రేడియోధార్మిక పరమాణువులు వదిలే రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్ల ముద్దలది. స్ఫటికాల చుట్టూ ఉండే రాగి ఎంత శుభ్రం చేసినా దాని ఉపరితలం మీద యురేనియం, థోరియం సంతతికి చెందిన పరమాణువులు కొన్ని మిగిలే ఉంటాయి. వాటినుంచి బయల్దేరిన ఆల్ఫా కణం కొంత శక్తిని రాగిలోనే పోగొట్టుకుని, మిగిలిన దానితో స్ఫటికంలోకి దూరుతుంది. ఎంత పోగొట్టుకుంటుందో దానికి లెక్క లేదు కాబట్టి ఏ శక్తి దగ్గరైనా అది కనబడగలదు, సరిగ్గా మనం కళ్లలో వత్తులు వేసుకుని చూస్తున్న చోటుతో సహా. క్వోరెలో ఆ చోట కనిపించే అనవసరపు సంకేతాల్లో దాదాపు 90 శాతం ఇలాంటి ఆల్ఫాలే. వాటిని ఆపడానికి వాళ్లు చేయనిది లేదు. బయటి రేడియోధార్మికతకు అడ్డుగా రెండు వేల ఏళ్ల కిందట సార్డీనియా దగ్గర సముద్రంలో మునిగిన రోమన్ ఓడలోని సీసాన్ని తెచ్చి గోడలా పేర్చారు. కొత్తగా కరిగించిన సీసంలో రేడియోధార్మిక సీసం-210 ఉంటుంది, అది 22 ఏళ్లకోసారి సగమవుతుంది, రోమన్ల సీసంలో అది ఎప్పుడో అయిపోయింది. కానీ స్ఫటికానికి ఆనుకునే ఉన్న పొరను ఏ సీసమూ అడ్డుకోలేదు.

అడ్డుకోలేనిదాన్ని గుర్తుపట్టాలి. నా పని అక్కడ మొదలైంది.

కొన్ని స్ఫటికాలకు ఒక గుణం ఉంది. లోపల శక్తి పడినప్పుడు వేడెక్కడమే కాదు, కాస్త మెరుస్తాయి కూడా. లిథియం మాలిబ్డేట్ అలాంటిది. ఎలక్ట్రాన్ పడితే వచ్చే వెలుగుతో పోలిస్తే, అంతే శక్తి ఉన్న ఆల్ఫా పడినప్పుడు వచ్చేది దాదాపు అయిదో వంతే. అంటే ఒకే సంఘటనను రెండుసార్లు కొలవచ్చు, ఒకసారి వేడిగా, ఇంకోసారి వెలుగుగా. వేడి సమానంగా ఉండి వెలుగు తక్కువైతే అది ఆల్ఫా, పక్కన పెట్టేయవచ్చు. జింక్ సెలెనైడ్ అనే స్ఫటికంలో ఇది తలకిందులుగా ఉంటుంది, అందులో ఆల్ఫాకే వెలుగు ఎక్కువ. మొదటిసారి ఆ గ్రాఫు చూసినప్పుడు పక్కనున్న సీనియర్‌ని "అక్షాలు తారుమారు అయ్యాయా?" అని అడిగాను. కాలేదు.

అయితే ఆ వెలుగు ఎంత? ముప్పై లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల సంఘటన జరిగితే లైట్ డిటెక్టరు దాకా చేరేది దాదాపు వెయ్యి ఎలక్ట్రాన్ వోల్టులు. నారింజ రంగుకు దగ్గరగా ఉండే ఫోటాన్లు ఓ అయిదు వందలు. ఎగిరే దోమకు ఉండే శక్తిలో వంద కోట్ల వంతు. వెలుగును విద్యుత్ సంకేతంగా మార్చి పెంచే మామూలు ఫొటోమల్టిప్లయర్ గొట్టాలు ఇక్కడ పెట్టలేం. అవి తమ వేడిని తెస్తాయి, తమ రేడియోధార్మికతనూ తెస్తాయి. అందుకే వెలుగును కూడా వేడిగానే కొలుస్తారు. పెద్ద స్ఫటికం పక్కన పల్చటి జెర్మేనియం బిళ్ల ఒకటి పెడతారు. వెలుగు దాని మీద పడుతుంది, బిళ్ల వేడెక్కుతుంది, దానికి అంటించిన సెన్సరు విద్యుత్ నిరోధం మారుతుంది.

మీ పాఠకులకు ఆ బిళ్లను చూపించాలని ఉంది. అడ్డంగా నాలుగున్నర సెంటీమీటర్లు, మందం మిల్లీమీటరులో అయిదో వంతు. విజిటింగ్ కార్డు కంటే పల్చన. రెండు గ్రాములు కూడా తూగదు. ఒక వైపు తళతళలాడే బూడిద రంగు అద్దంలా ఉంటుంది, రెండో వైపు వెలుగు తిరిగి వెనక్కి పోకుండా పూసిన సిలికాన్ ఆక్సైడ్ పొర వల్ల నీలం ఛాయ కనిపిస్తుంది. దాన్ని ట్వీజర్‌తో అంచున మాత్రమే పట్టుకోవాలి. పట్టు కాస్త బిగిస్తే టిక్కుమని విరుగుతుంది. ఆ శబ్దం ఒకసారి వింటే ఇక మరిచిపోలేరు.

దాని మీద అంటించే సెన్సరు కూడా జెర్మేనియమే, బియ్యపుగింజ కంటే చిన్నది. దాన్ని ముందుగా అణు రియాక్టరులో న్యూట్రాన్ల దారిలో ఉంచుతారు. న్యూట్రాన్లు సోకి కొన్ని జెర్మేనియం పరమాణువులు గాలియంగా, ఆర్సెనిక్‌గా మారిపోతాయి. కల్తీని బయటినుంచి కలిపితే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది, ఇలా లోపలే పుట్టిస్తే అంతటా సమానంగా వస్తుంది. అప్పుడు అతి స్వల్ప ఉష్ణోగ్రత మార్పుకే దాని నిరోధం బాగా మారుతుంది. దాన్ని బిళ్లకు అంటించేది రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురుతో. కలిపాక చేతిలో ఉండేది నాలుగైదు నిమిషాలే. చుక్క పెద్దదైతే చల్లబడేటప్పుడు జిగురు కుంచించుకుని బిళ్లను లాగేస్తుంది. చిన్నదైతే వేడి సరిగా దాటదు. లోపల గాలి బుడగ ఉంటే ఆ బిళ్ల మీద ఆశ వదులుకోవడమే. తర్వాత వెంట్రుకలో మూడో వంతు మందం ఉన్న బంగారు తీగలు మైక్రోస్కోపు కింద అతికించాలి. నేను ఆ పని చేసే రోజుల్లో పొద్దున కాఫీ మానేశాను, చేయి వణక్కూడదని.

ఒక బిళ్ల సంగతి చెప్పాలి. అది నా చేతుల్లో పాడైంది. రాగి చట్రంలో బిళ్లను పట్టుకోవడానికి టెఫ్లాన్ ముక్కలు వాడతాం. రాగి చల్లబడితే కొంచెమే కుంచించుకుంటుంది, టెఫ్లాన్ చాలా ఎక్కువ కుంచించుకుంటుంది. గది ఉష్ణోగ్రత దగ్గర ఎంత బిగించాలో, పది మిల్లీకెల్విన్ల దగ్గర ఎంత బిగుతు వస్తుందో లెక్క వేసి చేయాలి. ఆ రోజు బిళ్ల కొద్దిగా కదులుతున్నట్టు అనిపించి ఒక స్క్రూను పావు చుట్టు అదనంగా తిప్పాను. పావు చుట్టే. మూతలు వేసి, గాలి తీసేసి, చల్లబరచడం మొదలుపెట్టాం. అయిదో రోజుకు పది మిల్లీకెల్విన్ల దగ్గరికి వెళ్లింది. ఆ బిళ్ల నుంచి ఒక్క పల్స్ కూడా లేదు. మిగతా మూడు బిళ్లలూ మాట్లాడుతున్నాయి, ఇది మాట్లాడటం లేదు. తీగ ఊడిందేమో, యాంప్లిఫయర్ పోయిందేమో అని రెండు రాత్రులు వెతికాను. మిగతా బిళ్లల మీద కొలతలు నడుస్తున్నాయి కాబట్టి వెంటనే తెరవడానికి లేదు, మూడు వారాలు ఆగాల్సి వచ్చింది. తెరిచి చూస్తే మధ్యలో సన్నటి గీత, సెన్సరు పక్కనుంచి అంచు దాకా. ఆ బిళ్లను పారేయలేదు. చిన్న డబ్బాలో దూది మీద పెట్టి ఇప్పటికీ నా దగ్గరే ఉంచుకున్నాను.

ఆ తర్వాత చేసిన బిళ్ల పనిచేసింది. లైట్ డిటెక్టరు సరిగా ఉందో లేదో చూడటానికి దానికెదురుగా చిటికెడు ఇనుము-55 పెడతాం. దాని నుంచి 5.9 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎక్స్ కిరణాలు వస్తాయి, పక్కనే 6.5 దగ్గర ఇంకో చిన్న గుంపు. రాత్రంతా డేటా తీసి తెల్లవారుజామున గ్రాఫు వేస్తే రెండు శిఖరాలూ విడివిడిగా నిలబడ్డాయి. ఒకదానిలో ఒకటి కలిసిపోలేదు. ల్యాబులో నేనొక్కదాన్నే ఉన్నాను. శీతలీకరణ యంత్రం సెకనుకు ఒకటిన్నర సార్లు లెక్కన ఊపిరి తీసినట్టు చప్పుడు చేస్తోంది. ఆ చప్పుడు కూడా మాకు శత్రువే, దాని కంపనం బిళ్లను ఊపి సంకేతాల్లో కలిసిపోతుంది. ఆ రోజు మాత్రం ఆ చప్పుడు మధ్యలోనే నాన్నకు ఫోన్ చేశాను. ఆయనకు అర్థం కాలేదు గానీ సంతోషపడ్డారు.

సంపాదక మహాశయా, ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఆ బిళ్ల ఏం మారుస్తుందో అంకెల్లో చూడండి. ఫ్రాన్స్‌లోని మొదాన్ భూగర్భ ప్రయోగశాలలో క్యుపిడ్-మో అనే ప్రయోగం 2019, 2020ల్లో నడిచింది. ఇరవై లిథియం మాలిబ్డేట్ స్ఫటికాలు, అన్నీ కలిపి నాలుగు కిలోల పైచిలుకు, వాటికి జతగా జెర్మేనియం బిళ్లలు. అందులో ఆల్ఫాలను 99.9 శాతానికి పైగా వేరుచేయగలిగారు. క్వోరెకు ఉన్నది వేడి ఒక్కటే, లైట్ డిటెక్టర్లు లేవు. తర్వాత అదే శీతలయంత్రంలో రాబోతున్న క్యుపిడ్‌లో దాదాపు 1600 స్ఫటికాలు ఉంటాయి, ప్రతిదానికీ లైట్ డిటెక్టర్లు ఉంటాయి. అనవసరపు సంకేతాలను వందో వంతుకు తగ్గించాలన్నది లక్ష్యం.

మాలిబ్డినం-100ను ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. దాని క్షయంలో వచ్చే శక్తి 3034 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ప్రకృతిలో థోరియం సంతతి నుంచి వచ్చే బలమైన గామా కిరణాల గీతల్లో చివరిది 2615 దగ్గర ఆగిపోతుంది. అంటే గామాల గోల దాటిపోయాక ఉన్న ప్రశాంతమైన చోట మన సంకేతం ఉంటుంది. గామాలు పోయాయి, ఆల్ఫాలను వెలుగు తీసేసింది. ఇక మిగిలింది మాలిబ్డినమే.

ఈ చివరి చిక్కు గురించి పత్రికల్లో ఎక్కడా చదవలేదు కాబట్టి కాస్త ఆగి చెప్తాను. మాలిబ్డినం-100లో న్యూట్రినోలు వచ్చే మామూలు జంట క్షయం మిగతా పదార్థాలతో పోలిస్తే తొందరగా జరుగుతుంది. తొందర అంటే అర్ధజీవితకాలం 7 పక్కన 18 సున్నాల సంవత్సరాలు. కానీ క్యుపిడ్‌లో 240 కిలోల మాలిబ్డినం-100 ఉంటుంది. కాగితం మీద లెక్క వేసి చూడండి, రోజుకు దాదాపు నాలుగు లక్షల మామూలు క్షయాలు. ఒక్కో స్ఫటికంలో రోజుకు రెండు వందలకు పైనే. ఎప్పుడో ఒకప్పుడు ఒకే స్ఫటికంలో రెండు క్షయాలు ఒకదాని వెనకే ఒకటి జరుగుతాయి. పెద్ద స్ఫటికంలో వేడి మెల్లగా పెరుగుతుంది, పది మిల్లీసెకన్లు, అంతకంటే ఎక్కువ పడుతుంది. ఆ లోపు రెండోది వస్తే రెండూ కలిసి ఒకటిగా కనబడతాయి. వాటి శక్తులు కలిపితే 3034 అయ్యిందంటే, అది మనం వెతుకుతున్నదే అని పొరబడతాం. అచ్చం దానిలాగే ఉంటుంది. ఎలక్ట్రాన్లే కాబట్టి వెలుగు కూడా సరిపోతుంది.

ఇక్కడ మళ్లీ ఆ బిళ్లే ఆదుకుంటుంది. అది చిన్నది, పల్చన, అందుకే చురుకైనది. దాని పల్స్ మిల్లీసెకను లోపే పైకి లేస్తుంది. వేడిలో కలిసిపోయిన రెండు సంఘటనలు వెలుగులో విడిగా కనబడే అవకాశం ఉంది. కాకపోతే వెలుగు మరీ తక్కువ, పల్స్ అంచు రొదలో మునిగిపోతుంది. దానికి నెగనోవ్, ట్రోఫిమోవ్, ల్యూక్‌ల పేర్లతో పిలిచే కిటుకు ఒకటి ఉంది. బిళ్ల మీద సన్నటి అల్యూమినియం గీతలు వేసి వాటి మధ్య కొన్ని పదుల వోల్టులు పెడతారు. ఫోటాన్ పడగానే జెర్మేనియంలో విడివడిన ఎలక్ట్రాన్లు, అవి వదిలిన ఖాళీలు (వీటిని రంధ్రాలంటారు) ఆ వోల్టేజికి పరుగెడుతూ దారిలో ఇంకా వేడి పుట్టిస్తాయి. సంకేతం పది రెట్లు దాకా పెరుగుతుంది, రొద మాత్రం అంత పెరగదు. నేను ఉన్న చివరి ఏడాది అంతా ఈ గీతల మీదే పని. వోల్టేజి ఒక హద్దు దాటితే కరెంటు కారిపోతుంది, బిళ్ల తనంతట తానే వేడెక్కిపోతుంది. ఆ హద్దుకు ఎంత దగ్గరగా వెళ్లగలం అన్నదే మా రోజువారీ టెన్షన్.

ఇంత చేస్తే దొరికేదెంత? అర్ధజీవితకాలం 1 పక్కన 27 సున్నాల సంవత్సరాలైతే, ఆ 240 కిలోల్లో ఏడాదికి ఒక్కటి. రోజుకు నాలుగు లక్షల మామూలు సంఘటనల మధ్య, ఏడాదికి ఒక్కటి. ఆ ఒక్కటి నిజమైనదే అని చెప్పాలన్నా, లేదు రాలేదని చెప్పాలన్నా ప్రతి స్ఫటికం పక్కనా ఉన్న ఆ బిళ్ల సాక్ష్యం చెప్పాలి.

సాక్ష్యం లేకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. క్రెస్ట్ తర్వాతి దశలో కాల్షియం టంగ్‌స్టేట్ స్ఫటికాలు, లైట్ డిటెక్టర్లు రెండూ ఉన్నాయి. కృష్ణ పదార్థ కణం కేంద్రకానికి తగిలితే వెలుగు బాగా తక్కువ వస్తుంది, ఆక్సిజన్‌కు తగిలితే పదో వంతు, టంగ్‌స్టన్‌కు తగిలితే యాభయ్యో వంతు. 2009 నుంచి 2011 దాకా తీసిన డేటాలో అలాంటి సంఘటనలు 67 వచ్చాయి. తెలిసిన కారణాలన్నీ లెక్కేసినా కొన్ని మిగిలిపోయాయి. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. వాళ్లు తొందరపడి దొరికిందని చాటలేదు, మళ్లీ డిటెక్టరును పరిశీలించారు. స్ఫటికాన్ని పట్టుకున్న లోహపు క్లిప్పుల మీద అనుమానం నిలిచింది. వాటిపై పొలోనియం క్షయమైతే ఆల్ఫా క్లిప్పులోకి పోతుంది, వెనక్కి తన్నిన సీసం కేంద్రకం స్ఫటికంలోకి వస్తుంది. క్లిప్పు మెరవదు. అంటే ఆ ఒక్క చోట లైట్ డిటెక్టరుకు కన్ను లేదు. తర్వాతి డిటెక్టరులో స్ఫటికాన్ని పట్టుకునే పుల్లలు కూడా కాల్షియం టంగ్‌స్టేట్‌తోనే చేశారు, చుట్టూ ఏ ఉపరితలం మీద ఏది జరిగినా మెరిసేలా. 2014 ఫలితాల్లో ఆ అదనపు సంఘటనలు లేవు. మీ వ్యాసం పద్ధతిలో అయితే దీన్నీ విఫలం అనాలి. ఆ పుల్లల సంగతి చదివిన రోజు నేను నా బల్ల మీద ఉన్న ప్రతి క్లిప్పునూ మళ్లీ చూసుకున్నాను.

ఇదే పరికరానికి అనుకోనిది దొరికిన రోజులూ ఉన్నాయి. బిస్మత్-209ను చాలాకాలం స్థిరంగా ఉండే కేంద్రకాల్లో అన్నిటికంటే బరువైనదని పుస్తకాల్లో రాసేవారు. నేనూ అలాగే చదువుకున్నాను. ఫ్రాన్స్‌లోని ఓర్సేలో ఒక బృందం బిస్మత్ ఉన్న మెరిసే స్ఫటికాన్ని చల్లబరచి, వేడి, వెలుగు రెండూ కొలుస్తుండగా 3.14 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర అంతకుముందు ఎవరూ చూడని ఆల్ఫా గీత కనబడింది. వెలుగు లేకపోతే అది ఆల్ఫా అని ఇంత నమ్మకంగా చెప్పడం కష్టం. 2003లో ప్రచురించారు. బిస్మత్ కూడా క్షయమవుతుంది, అర్ధజీవితకాలం 19 పక్కన 18 సున్నాల సంవత్సరాలు, అంటే విశ్వం వయసుకు వంద కోట్ల రెట్ల పైమాట. ఆ మరుసటి ఏడాదే క్రెస్ట్ వాళ్లు టంగ్‌స్టన్-180 క్షయాన్నీ ఇలాగే కొలిచారు.

నా మనవి చిన్నది. ఇలాంటి ప్రయోగం ఫలితం వచ్చినప్పుడు "దొరికిందా, లేదా" అన్న ఒక్క ప్రశ్నతో వార్త ముగించకండి. ఎంతవరకు వెతికారో ఆ సంఖ్య వేయండి. అంతకుముందు సంఖ్య ఎంతో పక్కనే వేయండి. ఏ గొంతును ఎలా వేరుచేశారో రెండు వాక్యాలు రాయండి. "విఫలం" అన్న మాటను నిజంగా చెడిపోయిన వాటికి ఉంచండి. పావు చుట్టు ఎక్కువ బిగించి నేను పగలగొట్టిన బిళ్ల, అది విఫలం. ఆ తర్వాత పనిచేసిన బిళ్ల రాత్రంతా చూసి, అక్కడ ఏమీ లేదని చెప్పడం విఫలం కాదు.

క్యుపిడ్ స్ఫటికాలు చల్లబడి డేటా మొదలైన రోజు మీరు వార్త వేస్తారని ఆశిస్తున్నాను. మా నాన్న ఆ పేజీని కూడా ఫొటో తీసి పంపుతారు.

నమస్కారాలతో,
మీ పాఠకురాలు